గృహోపకరణములు: బీరు కాచు బాయిలరు



ఈ నెల నాకందిన యుత్తరములలో నొకటి ఇంగ్లండుదేశమందలి రెడింగు పట్టణమునుండి వచ్చినది. వ్రాసిన సోదరి గుంటూరు మండలపు ఆడపడుచు. భర్త యుద్యోగరీత్యా అచ్చటికి పోయి ఆరేండ్లైనదట. మూడేండ్ల కుమారుడు గలడు. "మా వారికి ఇంట బీరు కాచుకొను వేడుక పట్టినది. కరెంటుతో కాగు బాయిలరు కొనవలెనని నెలదినములనుండి బొమ్మలు చూచుచున్నారు. ఒకదానికి దీపములు, మరియొకదానికి గడియారము, ఇంకొకదానికి ఫోనుతో మాటలాడు శక్తియు గలదట. నేను త్రాగను. ఆయన త్రాగుట నాకడ్డు గాదు. కాని వంటిల్లు నాది, అందు తిరుగు పిల్లవాడు నావాడు. ఏది కొనిన మంచిదో మీరు చెప్పవలెను" అని యామె కోరినది.

ఈ మాట చదివి మనలో కొందరు ముఖము చిట్లింతురని యెరుగుదును. కాని అడిగిన సోదరి ధర్మసందేహ మడుగలేదు, పాత్రసందేహ మడిగినది. దానికే బదులు చెప్పెదను. ఇంగ్లండులో తమ యింటివారి వాడుకకు బీరు కాచుకొనుటకు అనుమతిపత్రముగాని పన్నుగాని లేదు. దాని నమ్మరాదు, అంతియే. అమెరికాలో 1978వ సంవత్సరమున కార్టరు అధ్యక్షుడు సంతకము చేసిన చట్టముచే ఇట్టి స్వేచ్ఛ కలిగినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో నన్ననో, 1968 నాటి ఎక్సైజు చట్టము ననుసరించి అనుమతి లేక ఇంట మాదకద్రవ్యమును తయారుచేయుట నేరము. కావున దీనిని చదివి విజయవాడలో నెవరును బాయిలరు పెట్టకుందురు గాక. ముప్పది లీటర్ల ద్రవమును ఇంటిలో మరిగించుటలో నుండు మంచిచెడ్డలు మాత్రము పెండ్లిండ్లు, వ్రతములు చేయు ప్రతి గృహిణికిని తెలియదగినవే.

మొదట ఆ పాత్ర యేమి పని చేయవలెనో తెలిసికొందము. మనము రాగులను నానబెట్టి, మొలకెత్తించి, యెండబెట్టి మాల్టు చేయుదుము గదా. ఆంగ్లేయులు యవలతో నదే పని చేయుదురు. ఆ మాల్టును నలుగగొట్టి, 65 మొదలు 67 డిగ్రీల వేడిగల నీటిలో గంటసేపు నాననిత్తురు. అంతట గింజలోని పిండి తీపిగా మారి నీటిలో దిగును. పిప్పిని వడగట్టి వేరుచేసి, ఆ తీపి కషాయమును గంటసేపు, ఒక్కొకప్పుడు గంటన్నర, తెరలి తెరలి మరుగ కాతురు. కాచునప్పుడు హాప్సు అను తీగ పువ్వులను వేయుదురు. వానివలన చేదును సువాసనయు వచ్చును. పిమ్మట త్వరగా చల్లార్చి, ఈస్టు కలిపి, మూతగల బకెట్టులో పులియబెట్టుదురు.

ఇందులో బాయిలరు పని ముఖ్యముగా ఆ మరిగించుటయే. అది కేవలము క్రిములను చంపుటకు గాదు. హాప్సులోని చేదు గట్టిగా మరిగినగాని నీటిలో దిగదు. కషాయములోని మాంసకృత్తులు విరిగి ముద్దకట్టి అడుగునకు దిగవలెను. అవి దిగకున్న బీరు మబ్బుగా నుండును. ఉడికిన మొక్కజొన్న వాసనవంటి వాసన యొకటి ఆవిరితో బయటికి పోవలెను. అందువలననే మూత పూర్తిగా పెట్టరాదు. నెమ్మదిగా బుడబుడలాడుట చాలదు, పాలు పొంగు నప్పటివలె నీరు క్రిందుమీదై తిరుగవలెను. ఈ సంగతిని మనసున నుంచుకొనిన బాయిలరు పరీక్ష సులభమగును.

ఇచ్చట నొక చిన్న ముచ్చట. ఇంగ్లండులో ఎయిలు కాచుట పూర్వము ఆడువారి పనియే. పదునాలుగవ శతాబ్దివరకు పల్లెలలో దీనిని కాచి యమ్మినవారిలో స్త్రీలే యెక్కువ. వారికి బ్రూస్టరు అని పేరు. నేడు కొందరి యింటిపేరుగా మిగిలిన ఆ మాట మొదట స్త్రీవాచకము. సముద్రము దాటి హాప్సు వచ్చి, సరకు నిలువయుండి, వ్యాపారము పెద్దదైన కొలది అది పురుషుల చేతిలోనికి పోయినది. అయినను పల్లెయిండ్లలో ఇటుకలతో కట్టిన పొయ్యిమీద రాగి గంగాళమొకటి చిరకాలముండెను. దానిని వారు "కాపరు" అనిరి. సోమవారము బట్టలుడుకబెట్టుటకు, మరియొక దినమున బీరు కాచుటకు నది యొక్కటియే. మన పెరళ్లలో మొన్నమొన్నటివరకు నడుమ గొట్టము, క్రింద బొగ్గుల జల్లెడ గలిగి, చింతపండుతో తోమిన దినమున బంగారమువలె మెరయుచుండిన స్నానాల బాయిలరునకు అది దూరపు బంధువే యని చెప్పవచ్చును.

1880వ సంవత్సరపు చట్టము ఇంట బీరు కాచువారును అనుమతిపత్రము పొందవలెనని నిర్బంధించినది. 1963లో ఆర్థికమంత్రి మాడ్లింగు ఆ నిబంధనను తీసివేసెను. 1974లో డేవ్ లైను వ్రాసిన పుస్తకము చూచి వేలమంది కాచుట నేర్చిరి. ఆ దినములలో ప్లాస్టిక్కు బకెట్టునకు రంధ్రము చేసి, నీళ్లు కాచు కెటిలులోని తీగచుట్టను బిగించి బాయిలరు చేసికొనెడివారు. నేటికిని ఆ జాతి బాయిలర్లు అమ్ముచున్నారు. వానికి పైమెట్టున స్టీలు బాయిలర్లు గలవు. అన్నిటికిని పైన, నానబెట్టుట, వడగట్టుట, మరిగించుట ఒక్క పాత్రలోనే జరుగు యంత్రములు. జర్మనీవారి బ్రౌమైస్టరును, న్యూజిలాండువారి గ్రెయిన్ఫాదరును ఈ కోవలోనివి. మన సోదరి భర్తగారు బొమ్మలలో చూచుచున్న దీపములు వీనివే యై యుండును.

ఇక నా యనుభవము. దానిని చెప్పుటకు కొంత సిగ్గుగా నున్నను చెప్పక తప్పదు.

మేము లీడ్సునగరమున నున్న దినములలో మా వారికిని ఈ వేడుక పట్టినది. ఎవరో వాడి విడిచిన బాయిలరు నొకదానిని చౌకగా తెచ్చిరి. కషాయము చక్కగా మరిగినది, ఇల్లంతయు వాసన నిండినది. దించు వేళకు కుళాయి త్రిప్పగా రెండు గ్లాసులు వచ్చి ఆగిపోయినది. హాప్సు పువ్వులు లోపల కుళాయినోటి కడ్డుపడి గట్టిగా బిగిసికొన్నవి. లోపల జల్లెడ లేదు. గరిటతో తోడవచ్చును, లేదా మూతపెట్టి మరునాటివరకు ఓపిక పట్టవచ్చును. పురుషులకు అట్టి వేళ ఓపిక యుండదు. "ఒక్క క్షణము" అని, పాతబట్టతో రెండు చెవులను పట్టుకొని, పాత్రను ఎత్తి వంపబోయిరి. ఇరువదియైదు లీటర్ల ద్రవము ఇరువదియైదు కిలోల బరువు. పాత్ర బరువు వేరు. పైగా ద్రవము కదలిక మన కదలికతో గలియదు. నేలమీద ముందే నాలుగు చుక్కలు పడి జిగటగా నున్నది. కాలు జారలేదుగాని పాత్ర యొరిగినది. సుమారు లీటరు కషాయము ఆయన కుడిపాదముమీద, మేజోడుమీద, పడినది.

బెల్లపు పాకము చేతిమీద పడినవారికి ఆ బాధ తెలియును. మరుగునీరు జారిపోవును, తీపి కషాయము అంటుకొని కాల్చును. నేను తొట్టతొలుత పరుగెత్తినది వెన్నకొరకు. మా అమ్మమ్మగారు కాలిన చోట సిరా పోసెడివారు, మా అత్తగారు వెన్న రాసెడివారు. ఆ రెండును తప్పే. పొరుగింటి వృద్ధురాలు కేక విని వచ్చి, నా చేతిలోని వెన్నను లాగికొని, మేజోడు తీసి, ఆయన పాదమును కుళాయిక్రింద నుంచి గడియారము చూచి ఇరువది నిమిషములు కదలనీయలేదు. మంచుగడ్డగాదు, పారుచున్న చల్లని నీరు. పిదప వంటింటిలో ఆహారముపై కప్పు పలుచని ప్లాస్టిక్కు పొరను వదులుగా కప్పి ఆసుపత్రికి పంపినది. బొబ్బలు మానుటకు మూడు వారములు పట్టినది. మచ్చ నేటికిని గలదు. అప్పుడు మా అమ్మాయికి నాలుగేండ్లు. ఆమె ఆ సమయమున వంటింటి గడపమీద కూర్చుండి బొమ్మ కాడించుచున్నది. అంతకంటె నెక్కువ వ్రాయను.

కావున, సోదరీ, మీవారు దుకాణమున వాట్లు, దీపములు చూచుచుండగా మీరు చూడవలసిన దొక్కటి. మరిగిన ద్రవము ఆ పాత్రలోనే చల్లారి, చల్లారిన పిమ్మట ఎవరి చేతిబలముతోను పనిలేక తనంతట తాను క్రిందికి దిగవలెను. ఈ యొక్క పని చేయు బాయిలరు తక్కిన విషయములలో సామాన్యమైనదైనను కొనుడు. ఈ పని చేయని దానిని ఉచితముగా నిచ్చినను వలదు.

దీని కేమి కావలెను? మొదటిది కుళాయి. ప్లాస్టిక్కు కుళాయి మరుగువేడికి మెత్తబడును. కొన్ని నెలలలో చుక్కలు కారును. స్టీలు కుళాయి, పావుచుట్టుతో తెరచుకొనునది, విప్పి కడుగుటకు వీలగునది మంచిది. విప్పరాని కుళాయిలో పాతకషాయము నిలిచి పాచివాసన వచ్చును. పిల్లలున్న యింట పిడికి తాళము, అనగా పైకెత్తినగాని తిరుగని అమరిక, యుండవలెను. రెండవది లోపలి జల్లెడ. కుళాయినోటి ముందర స్టీలు వలగాని, చిల్లుల గొట్టముగాని అమర్చియుండునా యని అడుగుడు. లేకున్న విడిగా కొనుడు. మా వారి పాదమునకు ఆ జల్లెడ వెలకంటె నెక్కువ ఖర్చైనది.

మూడవది చల్లార్చు చుట్ట. పాత్రలో దించి లోపల చన్నీరు పారించు రాగిగొట్టపు చుట్టను వారు వాడుదురు. మరుగు ముగియుటకు పావుగంట ముందు దానిని కషాయములో దింపిన అదియు శుద్ధియగును. మంట ఆర్పి కుళాయి నీరు విడిచిన సుమారు అరగంటలో కషాయము ఇరువది డిగ్రీల దగ్గరకు వచ్చును. వేసవిలో కొంత ఆలస్యమగును. చుట్టనుండి మొదట వచ్చు నీరు పొగలు గ్రక్కుచుండును, దాని గొట్టమును తొట్టిలో గట్టిగా కట్టవలెను. ఆ నీటినే పాత్రలు కడుగుటకు పట్టుకొనవచ్చును. మీరు కొను బాయిలరులో ఆ చుట్ట పట్టునా, పట్టిన పిమ్మట ద్రవము పొంగి పొర్లక యుండునా యని చూచుకొనుడు.

నాలుగవది ఎత్తు. బాయిలరును ఖాళీగా నున్నప్పుడే దాని చోట నుంచి, అచ్చటనే నింపవలెను. వంటబల్లమీద నుంచి, పులియబెట్టు బకెట్టును క్రింద పీటమీద నుంచిన కుళాయినుండి తిన్నగా దిగును. కుర్చీమీద నుంచరాదు. నేలమీద నుంచిన కుళాయి పిల్లవాని చేతి కందును. బల్లమీద నున్నపుడు తీగ వ్రేలాడిన అదియు పిల్లవాని చేతి కందును. తీగను వెనుకకు త్రిప్పి గోడవైపు నుంచుడు.

పరిమాణము సంగతి త్వరగా చెప్పెదను. ఇంగ్లండువారు వాడుకగా ఒక్కసారి చేయునది అయిదు గాలనులు, అనగా 23 లీటర్లు. మరుగులో కొంత ఆవిరియగును, అడుగున మడ్డి మిగులును. కావున 27 లీటర్లతో మొదలుపెట్టవలెను. హాప్సు వేయగానే పాలవలె పొంగును గనుక పైన కొంత చోటు కావలెను. 33 మొదలు 35 లీటర్ల పాత్ర చాలును. 27 లీటర్లు పట్టు పాత్రలో 27 లీటర్లు కాయుదునను పురుషుడు మన వంటింటి పొయ్యిని ఎన్నడును తుడువనివాడు. చిన్న వంటిల్లు గలవారు సగము కొలత, అనగా 10 లేక 12 లీటర్లు కాచుకొనుటయు లెస్సయే. దానికి వేరుబాయిలరు అక్కరలేదు, గుండిగవంటి స్టీలుపాత్రయు ఇంటి పొయ్యియు చాలును. ఆ మాట మీవారికి రుచింపదని తెలిసియే చెప్పుచున్నాను.

శక్తి విషయమున కొంత లెక్క అవసరము. ఇంగ్లండులో గోడసాకెట్టు 230 వోల్టులు, 13 ఆంపియర్లు. రెంటిని గుణించిన సుమారు 3,000 వాట్లు. ఆ సాకెట్టునుండి అంతకంటె నెక్కువ లాగుట కూడదు. 27 లీటర్లను 65 డిగ్రీలనుండి మరుగు వరకు తెచ్చుటకు 3,000 వాట్ల బాయిలరునకు 22 నిమిషములు, 2,400 వాట్లదానికి 27, 2,000 వాట్లదానికి 33, 1,500 వాట్లదానికి 44 నిమిషములు పట్టును. ఇది కాగితముమీది లెక్క, వేడి ప్రక్కలనుండి పోవును గనుక నిజమున ఇంకను ఆలస్యమగును. అసలు చిక్కు ఆలస్యము గాదు. మరుగుచున్న పెద్దపాత్ర ప్రక్కలనుండి కొంత వేడి ఊరకయే పోవుచుండును. 1,500 వాట్లలో నది పోగా మిగిలినది ద్రవమును బుడబుడలాడించును గాని తెరలించలేదు. కావున ఈ కొలతకు 2,400 మొదలు 3,000 వాట్లు మేలు. 2,000 వాట్లది కొన్నచో పాత్రచుట్టు తగిన కంబళితొడుగు వేసిన పని జరుగును. తొడుగు కరెంటును మిగుల్చును, పిల్లవాని చేతిని కాపాడును.

అమెరికాలో నున్న సోదరీమణులకు లెక్క వేరు. అచ్చట మామూలు సాకెట్టు 120 వోల్టులు, 15 ఆంపియర్లు గనుక 1,800 వాట్లు మించవు. ఎడతెగక గంటలకొలది వాడునప్పుడు అందు నాలుగైదవ వంతులే లాగవలెను. అయిదు గాలనులు చక్కగా మరుగవలెనన్నచో 240 వోల్టుల సాకెట్టును ఎలక్ట్రీషియనుచే వేయించుకొనవలెను. గాలను కూడ అచ్చట చిన్నది, అయిదు గాలనులు 19 లీటర్లే.

తీగల విషయమున పొదుపు పనికిరాదు. చుట్టచుట్టిన ఎక్స్టెన్షను తీగకు బాయిలరును తగిలింపరాదు. చుట్టలో వేడి పోవుటకు దారిలేక తీగపై తొడుగు కరగును. జంటసాకెట్టులో ఒకదాని యందు బాయిలరు, రెండవదానియందు కెటిలు పెట్టరాదు. బాయిలరు మరుగుచున్నపుడు బట్టలుతుకు యంత్రమును విడువకుడు. వంటింటి సాకెట్టులన్నియు ఒక్క చుట్టుమీదనే యుండును గనుక మూడును గలిసినచో దానికి భారమగును. పొరపాటున షాకు తగిలిన ముప్పది మిల్లీఆంపియర్లకే కరెంటు తెగగొట్టు రక్షకయంత్రము ఇంటిపెట్టెలో గలదో లేదో చూపించుకొనుడు. అరగంట వాడిన తరువాత ప్లగ్గును తాకి చూడుడు. గోరువెచ్చగా నుండుట సహజము, చేయి పెట్టలేనంత వేడి యున్నచో ఆ సాకెట్టు మార్చదగినది.

వేడిచేయు తీగచుట్ట రెండు విధములు. ఒకటి ద్రవములో మునిగి పైకి కనబడునది, మన నీళ్లబకెట్టులోని ఇమ్మర్షను రాడ్డువంటిది. రెండవది స్టీలు అడుగుపలక క్రింద దాగియుండునది. మొదటిదానిలో వేడి నేరుగా తగులును. కాని మాల్టు పిండి దానిపై చేరి మాడి పెచ్చుకట్టును. ప్రతిసారి చేయి దూర్చి గీకవలెను. గీకునది ఎవరో నేను చెప్పనక్కరలేదు. రెండవదానిని గిన్నెవలె తోమవచ్చును. అయితే దానిలోను అడుగంటు భయము గలదు. పాయసము అడుగంటిన గిన్నె మార్చి వాసన దాచెదము, ముప్పది లీటర్ల కషాయము అడుగంటిన దాచుటకు చోటులేదు. కావున పిండి దిగక ముందు మంట పెంచరాదు. మొదట కాగునపుడు చెక్కగరిటతో అడుగు కలుపుచుండవలెను.

అడుగుపలక క్రింద, పొరపాటున పాత్ర ఎండిపోయిన కరెంటు ఆపుటకు ఒక మీట యుండును. అది మంచిదే. అయితే కొన్ని బాయిలర్లలో అడుగున కొంచెము మాడగానే ఆ మీట పడిపోయి, మరుగు నడుమ చల్లబడును. మీటను తిరిగి నొక్కుటకు పాత్రను తలక్రిందు చేయవలసిన అమరికయు నేను చూచితిని. నిండుపాత్రను తలక్రిందు చేయుట యెట్లో దానిని చేసినవారికే తెలియవలెను. మీట ఎచ్చట నున్నదో కొనకముందే అడుగుడు. టీ నీరు కాచి వేడిగా నిలుపు పాత్రలనేకము మరుగు వచ్చినంతనే ఆగి, చల్లబడినపుడు మరల మొదలగును. అవి విందులకు బాగుండును. కషాయమునకు ఎడతెగని మరుగు కావలెను గనుక, "మరుగు వచ్చిన పిమ్మటను గంటసేపు ఆగక కాగునా?" అను ప్రశ్నకు అంగడివాడు అవునని వ్రాతలో నిచ్చినగాని అట్టి పాత్ర తీసికొనకుడు.

ప్లాస్టిక్కు బకెట్టు బాయిలరు వెల తక్కువ, బరువు తక్కువ, ప్రక్కల వేడియు తక్కువ. దానిని నేను చెడ్డదనను. కాని మరుగునపుడు గోడలు మెత్తబడి బిగింపులు వదులగును, హాప్సు వాసన పీల్చుకొని విడువదు. ఉగాదినాడు పదియిండ్లవారు మీ యింట కూడినపుడు అందులో టీ కాచినచో, ఉగాది పచ్చడిలో లేని యేడవ రుచి టీలో వచ్చును. స్టీలుపాత్రను కడిగిన వాసన పోవును. గృహిణి దృష్టిలో స్టీలు బాయిలరునకు ఇది పెద్ద గుణము. ఏడాదికి పదిసార్లు బీరు కాచిన, మిగిలిన దినములలో నది మీకు గంగాళముగా నుపయోగపడవలెను.

ఆవిరి సంగతి పురుషులు తలచరు. గంటసేపటి మరుగులో రెండున్నర లీటర్ల నీరు గాలిలో గలియును. ఇంగ్లండు శీతకాలమున తలుపులు మూసిన వంటింటిలో అది యెచ్చటికి పోవును? గోడలమీదికి, అలమారుల వెనుకకు. అచ్చట నల్లని బూజు పట్టును. పొయ్యిపైని గాలిపంకా ఆవిరిని బయటికి నెట్టునదా, లేక వడగట్టి మరల గదిలోనికే విడుచునదా చూడుడు. రెండవ రకమైన ఆవిరి కది యేమియు చేయదు. కిటికీ ప్రక్కన బాయిలరు నుంచి కిటికీ తెరచుట మేలు. చలివేసిన మీవారు శాలువ కప్పుకొనవచ్చును.

ఇక దీపముల యంత్రములు. వానిలో మేలు లేకపోలేదు. వేడిని డిగ్రీ తేడా లేక నిలుపును, ద్రవమును చిన్న పంపుతో త్రిప్పుచుండును, పిప్పిబుట్టను పైకెత్తి నిలుపు కొక్కెము గలది. ఒక్క పాత్రతో పని ముగియును గనుక ఇరుకు వంటింటి కనుకూలము. కాని నిలువనుండు పిప్పిబుట్ట మాట మరువకుడు. అయిదు కిలోల గింజ నీరు పీల్చి పదికిలోలగును. దానిని డెబ్బది డిగ్రీల వేడిలో మోచేతులెత్తి లేపవలెను. మీవారు పొడగరులైన సరే, లేకున్న బల్లకు బదులు ఎత్తు తక్కువైన గట్టిపీట చేయించుడు. పంపుగొట్టమును విప్పి కడుగని యెడల నందు పులుపు చేరును. నా మట్టుకు నేను, రెండేండ్లు సాధారణ స్టీలు బాయిలరుతో కాచి, అప్పటికిని వేడుక నిలిచినచో దీపములకు డబ్బు పెట్టవచ్చునందును. నా యెరుకలో మూడవ కాపుతో మూలబడిన యంత్రములు చాలగలవు. అట్టివానినే సగము వెలకు కొనవచ్చును. కాని కొనకముందు వారి యెదుటనే నీరు పోసి మరిగించి చూపుమనుడు. తీగకు అతుకులున్న, ప్లగ్గు గోధుమరంగుకు మాడియున్న వదలివేయుడు.

కొన్నది క్రొత్తదైనను పాతదైనను మొదటి దినమున కషాయము కాయక, ఉత్తనీరు 27 లీటర్లు పోసి గంట మరిగించుడు. నీరు పోయునపుడు లీటరు లీటరునకు చెక్కగరిట కాడపై కత్తితో గీత పెట్టుకొనుడు. మరిగిన పిమ్మట ఎన్ని గీతలు తగ్గినవో చూచిన మీ వంటింటిలో గంటకెంత ఆవిరియగునో తెలియును. కుళాయి బిగింపు చెమ్మగిలునా, మీట పడునా, ప్లగ్గు వేడెక్కునా, కిటికీ అద్దమెంత చెమర్చునా, అన్నియు ఆ గంటలోనే బయటపడును. చల్లార్చు చుట్టను గూడ ఆనాడే దింపి చూడుడు. ఆ నీటితో ఇల్లు కడుగవచ్చును.

పిల్లవాని సంగతి. మా యింట తరువాత నేనొక కట్టడి చేసితిని. మరుగు మొదలైనది మొదలు చల్లారువరకు వంటింటి గుమ్మమునకు అడ్డుతలుపు, లోపల ఒక్క మనిషి. కాచువారు ఫోను వచ్చినను గుమ్మము దాటరాదు, పిల్లను చూచువారు గుమ్మము లోనికి రారాదు. అన్నము అంతకుముందే వండి యుంచుకొనెడిదానను. ఆ మూడు గంటలు నేనును మా అమ్మాయియు ఊరి తోటకు పోయెడివారము. ఆమె పెద్దదై ఇప్పుడు తండ్రికి హాప్సు తూచి యిచ్చుచున్నది, కాని కుళాయి నింకను ఆయనే త్రిప్పవలెనని నా నిబంధన.

ఆ పాత బాయిలరును మేము పారవేయలేదు. కుళాయి మార్పించి, లోపల వల బిగింపించి, మరి యేడేండ్లు వాడితిమి.

వచ్చు సంచికలో, విశాఖపట్టణమునుండి ఇద్దరు సోదరీమణు లడిగిన ఇమ్మర్షను రాడ్డుల విషయము వ్రాసెదను. అంతవరకు, ప్లాస్టిక్కు బకెట్టులో రాడ్డు వ్రేలాడదీసి నీరు కాగినదా యని వ్రేలు ముంచి చూచువారుండిన, మొదట స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, ఆ పిమ్మట చూడుడు.